వాగొడ్డు బడి గొలుసుపట్టు

ఇప్పలకోన అనే ఒక అడవి ఉండేది. పేరుకు తగ్గట్టే దాని నిండా ఇప్పచెట్లు. అందులో ఏనుగులు, చిరుతలు, తోడేళ్ళు, కొండముచ్చులు, ముంగిసలు, ముళ్ళపందులు, అలుగులు ఉండేవి. ఇంకా చాలా ఉండేవి. కానీ అన్నిటి పేర్లూ చెబుతూ కూర్చుంటే కథ మొదలయ్యేలోపు మీకు నిద్ర వస్తుంది.

ఆ జంతువులన్నిటికీ ఒకటే పిచ్చి, చెడుగుడు. ఆట తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట చెబుతాను. ఒకడు "చెడుగుడు చెడుగుడు" అని కూత పెడుతూ ఎదుటివాళ్ళ బరిలోకి వెళ్తాడు. ఊపిరి ఆగేలోపు ఎవరినైనా ముట్టుకుని గీత దాటి తిరిగి రావాలి. వస్తే గెలిచినట్టు, ముట్టించుకున్నవాడు బయటికి. ఈలోపు ఎదుటివాళ్ళు పట్టుకుని ఆపేస్తే, లేదా మధ్యలో నోటి నుంచి వేరే మాట వస్తే కూత విరిగినట్టు. అంతే, వాడు బయటికి.

ఇప్పలకోనలో రెండు బళ్ళు ఉండేవి. ఒకటి కొండబడి. దాని చుట్టూ పనసచెట్లు. వెనకాల ఎత్తయిన రాతిగోడలాంటి కొండ. అక్కడ ఒకసారి చప్పట్లు కొడితే రెండుసార్లు వినిపించేవి. అందుకే ఆ బడి ప్రిన్సిపాలు నెమలికి ఆ చోటంటే ప్రాణం.

రెండోది వాగొడ్డు బడి. దానికి ఉన్నది ఒక మట్టి మైదానం, రెండు మేడిచెట్లు, ఒక ఉడుము మాస్టారు. మాస్టారికి కోపం ఎక్కువ. జీతం లేదు. అయినా పొద్దున్నే లేచి తోకతో మైదానం ఊడ్చేవాడు.

చిన్న బడే అయినా అక్కడ మంచి ఆటగాళ్ళు తయారయ్యేవారు. వచ్చిన చిక్కల్లా వాళ్ళు తయారయ్యాక మొదలయ్యేది.

పూర్వం ఒక కట్టుబాటు ఉండేది. బడి మారిన ఆటగాడు ఆ ఏడాది ఆడకూడదు, గట్టు మీద కూర్చుని చూడాలి. ఒకసారి అడవి సభ కూర్చుని ఆ కట్టుబాటు తీసేసింది. "ఎవరి కాళ్ళు వాళ్ళవి. ఎవరికి ఎక్కడ నచ్చితే అక్కడ ఆడుకుంటారు" అంది సభకు పెద్దయిన ఏనుగు. అందులో తప్పేమీ లేదు. ఎవరినైనా కట్టేసి ఆడిస్తామా? కానీ ఆ మర్నాటి నుంచీ వాగొడ్డు బడి కంచెకు ఒక సందు పడింది.

ఆ సందు దగ్గర ముందు వాసన వచ్చేది, తర్వాత పునుగుపిల్లి వచ్చేది. నెమలి తరఫున ఆటగాళ్ళను ఏరుకునే పని దానిది. ఒంటి నుంచి గుమగుమలు, నోటి నుంచి తియ్యటి మాటలు, చంకలో ఒక పనసపండు.

"ఏం బాబూ, ఎంత బాగా ఆడావు! ఇక్కడ ఎవరు చూస్తున్నారు నిన్ను? మా కొండ మీద అయితే చప్పట్లు రెండేసి సార్లు వినిపిస్తాయి" అనేది.

అలా కొండముచ్చు తోకరాజు వెళ్ళిపోయాడు. దుప్పి జాతి కణుజు వెళ్ళిపోయాడు. కాస్త కూత వచ్చిన ప్రతివాడూ ఒక పనసతొన నములుతూ కొండెక్కాడు. ఇంతమందిని తెచ్చుకున్నా నెమలికి తృప్తి లేదు. ఒకనాడు సభకు వెళ్ళి తోక విప్పుకుని నిలబడ్డాడు.

"వాగొడ్డు బడిలో మిగిలింది చెత్త. వాళ్ళకు మైదానం దండగ. ఆ చదును నేల నాకిస్తే నాట్యం సాధన చేసుకుంటాను" అన్నాడు.

ఏనుగు తొండం గోక్కుని ఆలోచించింది. "వానలు వెలిశాక పోటీ ఉంది కదా. ఏడుగురిని బరిలోకి దించి, కొండబడి మీద గెలిస్తే వాగొడ్డు బడి ఉంటుంది. లేదంటే మూసేద్దాం, మైదానం నువ్వు తీసుకో" అని తీర్పు చెప్పింది.

ఈ మాట విని ఉడుము మాస్టారు భయపడ్డాడు. కానీ అంతకంటే ఎక్కువ భయపడింది సూదమ్మ.

సూదమ్మ ముళ్ళపంది పిల్ల. ఆటంటే ఆకలి కూడా మర్చిపోతుంది. ఒకసారి కొండబడిలో చేరదామని వెళ్ళింది. పునుగుపిల్లి ఆ ముళ్ళ వైపు చూసి, "అమ్మా, మా చాపలు కొత్తవి" అని వెనక్కి పంపేసింది. వాగొడ్డు బడి మూసేస్తే సూదమ్మకు ఇంక బడే లేదు.

ఆ ఏడాది వాగొడ్డు బడికి ఉన్న ఒకే ఒక్క ఆశ చిటుకు. చిటుకు ముంగిస. వాడు కూతకు వెళ్తే ఎటు నుంచి వెళ్ళాడో ఎటు నుంచి వచ్చాడో ఎవరికీ తెలిసేది కాదు. వాడుంటే గెలుస్తామని మాస్టారి నమ్మకం. అందుకని ఆయన ఆటలు నేర్పడం మానేసి చిటుకును కాపలా కాయడం మొదలుపెట్టాడు.

ముందుగా ముళ్ళకంపలు తెచ్చి కంచె సందు మూసేశాడు.

అంతవరకు ఆ సందు వైపు కన్నెత్తి చూడనివాళ్ళు కూడా అక్కడికి చేరారు. కుందేలు కంపల మధ్య నుంచి చెవులు దూర్చింది. ఉడుత ఎక్కి చూసింది. జన్మలో ఎక్కడికీ వెళ్ళాలనుకోని తాబేలు కూడా మెడ చాచి, "అవతల ఏముందర్రా?" అని అడిగింది.

"ఏమీ లేదు! వెళ్ళి ఆడుకోండి!" అని అరిచాడు మాస్టారు.

"ఏమీ లేకపోతే మూయడం ఎందుకండీ?" అంది అడవికోడి. మాస్టారు ఇంకో కంప తెచ్చి అడ్డం పెట్టాడు.

తర్వాత ఆయన మేడిపళ్ళు బయటికి తీశాడు. చిటుకు ఇక్కడే ఉంటే రోజూ వాడికి ఒక దొన్నెడు మేడిపళ్ళు ఇస్తానన్నాడు. మర్నాడు పునుగుపిల్లి ఒక పనసపండు చూపించింది. మాస్టారు రెండు దొన్నెలన్నాడు. పునుగుపిల్లి రెండు పండ్లంది. బేరం కుదిరేలోపు మేడిచెట్లు బోడివయ్యాయి. మిగతా పిల్లలు మూతి ముడుచుకుని కూర్చున్నారు.

"వాడికేనా పళ్ళు? మాకు కడుపులు లేవా?" అంది కుందేలు.

"నాకు ఒక్కటైనా రాలలేదు" అంది తాబేలు. దాని కోపం బయటికి రావడానికి మధ్యాహ్నం దాకా పట్టింది, కానీ వచ్చింది.

చివరికి ఒక పొద్దున చిటుకు మూట సర్దుకుని మాస్టారి ముందు నిలబడ్డాడు.

"మాస్టారూ, నేను వెళ్తానండి. అక్కడ నా ఆట అందరూ చూస్తారట."

మాస్టారికి కోపం నషాళానికి అంటింది. "వెళ్ళు! తిన్న మేడిపళ్ళు ఇక్కడ కక్కి మరీ వెళ్ళు!" అన్నాడు.

చిటుకు తల వంచుకుని కంపల పక్క నుంచి దూరి వెళ్ళిపోయాడు. ఆ మాట అన్నందుకు మాస్టారికి వెంటనే సిగ్గేసింది. కానీ సిగ్గుపడి లాభం ఏముంది? పిల్లవాడు అప్పటికే కొండ సగం ఎక్కేశాడు.

మైదానంలో ఆరుగురు మిగిలారు. సూదమ్మ, తాబేలు, కుందేలు, ఉడుత, అడవికోడి, ఇంకా అలుగు చుట్టయ్య. చుట్టయ్య సంగతి చెప్పాలి. ఒళ్ళంతా గట్టి పొలుసులు. మనసు మాత్రం మెత్తన. ఎవరైనా గట్టిగా దగ్గినా భయపడి బంతిలా చుట్టుకుపోతాడు. మళ్ళీ విప్పాలంటే ఎవరో ఒకరు బతిమాలాలి.

మాస్టారు తలపట్టుకుని కూర్చున్నాడు. సూదమ్మ దూరంగా నిలబడింది. దగ్గరికి వస్తే గుచ్చుకుంటుందని ఎప్పుడూ దూరంగానే నిలబడేది.

"మాస్టారూ, ఒక మాట అడగనా?"

"అడుగు."

"వెళ్ళిపోయేవాళ్ళను ఆపడానికే ఈ వానాకాలం సగం అయిపోయింది కదండీ. ఉండేవాళ్ళకు ఆట ఎప్పుడు నేర్పుతారు?"

ఆ పిల్ల చెప్పింది నిజం. సూదమ్మకు ఆయన ఒక్క పట్టు కూడా నేర్పలేదు. కూత బాగా పెట్టేవాళ్ళ వైపే ఆయన కూడా చూశాడు, కొండ మీద నెమలి చూసినట్టే. లేచి వెళ్ళి కంపలన్నీ తీసి పారేశాడు.

ఆ సాయంత్రం అందరూ నీళ్ళు తాగడానికి వాగులోకి దిగారు. వాగొడ్డు బడికి ఒక పాత అలవాటు ఉంది. అక్కడి బండలు పాకుడు పట్టి ఉంటాయి. ఒక్కరే దిగితే జారిపడటం ఖాయం. అందుకని పిల్లలంతా చేయీ చేయీ పట్టుకుని వరసగా దిగుతారు. కొండబడి వాళ్ళు పైనుంచి చూసి, "చంటిపిల్లలు పోతున్నార్రోయ్" అని నవ్వేవారు. సూదమ్మ ఎప్పుడూ ఆఖర్న, అందరికీ కాస్త ఎడంగా, ఒక్కతే దిగేది. ఆమె చేయి ఎవరూ పట్టుకోరు కదా.

దారిలో కుందేలు కాలు జారింది. పడలేదు. ఒక పక్క తాబేలు, ఒక పక్క ఉడుత పట్టుకునే ఉన్నారు. వరసంతా ఒక్కసారి ఊగి నిలబడింది.

వెంటనే వెనక దబ్బుమని చప్పుడైంది. సూదమ్మ నీళ్ళలో పడింది.

అందరూ గబగబా వెనక్కి తిరిగారు. చేతులు చాచారు. ముళ్ళు చూసి మళ్ళీ వెనక్కి లాక్కున్నారు. అప్పుడు చుట్టయ్య బుడిబుడి అడుగులతో వచ్చాడు.

"నా చేయి పట్టుకో సూదమ్మా. నాకు పొలుసులున్నాయి, గుచ్చుకోదులే" అన్నాడు.

సూదమ్మ వాడి చేయి పట్టుకుని పైకి వచ్చింది. పైకి వచ్చాక కూడా వదల్లేదు. ఎవరి చేయి అయినా పట్టుకోవడం ఆమెకు అదే మొదటిసారి. ఆమె కళ్ళలో నీళ్ళు వాగు నీళ్ళో, మరేవో చెప్పడం కష్టం. నాకైతే మరేవోనే అనిపిస్తుంది.

ఒడ్డు మీద నుంచి ఇదంతా చూస్తున్న మాస్టారు తోక నేలకేసి కొట్టాడు. "అదీ! అదే పట్టు!" అని అరిచాడు.

ఆ అరుపుకు చుట్టయ్య ఉలిక్కిపడి బంతిలా చుట్టుకుపోయాడు. చేయి వదలని సూదమ్మ, ఆమెతో పాటు పక్కనున్న అడవికోడి కూడా గిర్రున తిరిగి వాడి మీద పడ్డారు. మాస్టారు బతిమాలి విప్పేసరికి చీకటి పడింది.

మర్నాటి నుంచి సాధన మొదలైంది. మాస్టారు ఒక్కటే నేర్పాడు, గొలుసుపట్టు. కూతకు వచ్చినవాడి చుట్టూ చేయీ చేయీ కలిపి గొలుసులా కమ్ముకోవాలి. ఒకడు బయటికి వెళ్తే వాడికి అటూ ఇటూ ఉన్న ఇద్దరి చేతులూ వెంటనే కలవాలి. ఎవరూ లేని చోటు అనేదే ఉండకూడదు.

"ఇన్నాళ్ళూ నేను ఎత్తుకుపోదగ్గ ఆట నేర్పాను, అందుకే ఎత్తుకుపోయారు. ఈ పట్టు ఎవరు ఎత్తుకుపోతారో చూస్తాను. ఒక్కడిని తీసుకెళ్తే వాడి దగ్గర ఉండేది ఒక్క చేయే" అన్నాడు.

అంతా బాగానే ఉంది కానీ ఆరుగురే ఉన్నారు. బరిలోకి ఏడుగురు కావాలి.

ఒకరోజు కంచె సందులో నుంచి ఎవరో తొంగి చూశారు. ఈసారి వాసన రాలేదు. వచ్చింది తోకరాజు, ఎప్పుడో కొండెక్కిన కొండముచ్చు. చిక్కిపోయి ఉన్నాడు. రెండు అరచేతులూ కాయలు కాసి ఉన్నాయి.

"ఇదేమిట్రా? అంతగా చెట్లెక్కిస్తున్నారా?" అన్నాడు మాస్టారు.

"చెట్లు కాదండీ, చప్పట్లు. అక్కడ కూతగాళ్ళు కుప్పలు తెప్పలుగా ఉన్నారు. నా వంతు ఒక్కసారి కూడా రాలేదు. గట్టు మీద కూర్చుని వాళ్ళకూ వీళ్ళకూ చప్పట్లు కొట్టడమే నా పని. కూత ఎలా పెట్టాలో కూడా మర్చిపోయానండీ" అని భోరుమన్నాడు తోకరాజు.

కుందేలు ముక్కు చిట్లించింది. "పనసతొనలు రుచిగా ఉన్నప్పుడు మేం గుర్తుకు రాలేదా? పోయినవాణ్ణి మళ్ళీ ఎందుకు చేర్చుకోవాలండీ?"

మాస్టారు తోకతో నేల మీద ఒక గీత గీశాడు. "గీత దాటి అవతలికి వెళ్ళినవాడు ఊపిరి ఉండగా తిరిగొస్తే మన ఆటలో అది తప్పా?" అని అడిగాడు.

చెడుగుడు ఆడేవాళ్ళు ఆ ప్రశ్నకు ఏమని జవాబు చెబుతారు? తాబేలు మెల్లిగా జరిగి తోకరాజుకు చోటిచ్చింది. అలా ఏడుగురయ్యారు.

వానలు వెలిశాయి. పోటీ రోజు వచ్చింది. అడవి అంతా నడిమి మైదానం చుట్టూ చేరింది. న్యాయనిర్ణేత కొంగ గీత మీద ఒంటికాలితో నిలబడింది. దానికి అదొక్కటే వచ్చు, కానీ బాగా వచ్చు.

కొండబడి జట్టు దిగింది. ముందు చిరుత, వెనక తోడేలు, ఆ వెనక చిటుకు. ఏడుగురికి ఏడుగురూ పేరున్న కూతగాళ్ళే. పట్టు పట్టేవాడు ఒక్కడు లేడు. "పట్టుకోవడం చూడటానికి బాగోదు. మట్టిలో పొర్లాలి. దానికెవరు చప్పట్లు కొడతారు?" అని నెమలి ఎప్పుడో తీసిపారేశాడు.

వాగొడ్డు జట్టు చేయీ చేయీ పట్టుకుని దిగింది. గట్టు మీద నవ్వులే నవ్వులు.

మొదట చిటుకు కూతకు వచ్చాడు. మెరుపులా వచ్చి కుందేలు చెవి ముట్టుకుని పోయాడు. వాగొడ్డు కూత ఒకటి వట్టిపోయాక చిరుత వచ్చి ఉడుతను ముట్టుకుంది. నెమలి తోక విప్పుకుని, "మైదానంలో నా నాట్యం ఏ మూల నుంచి మొదలుపెట్టాలా అని ఆలోచిస్తున్నాను" అన్నాడు పునుగుపిల్లితో.

అప్పుడు వాగొడ్డు బడి తరఫున కూతకు తాబేలు బయలుదేరింది.

"చె... డు... గు... డు..." అంటూ నడిచింది. తాబేలుకు వేగం లేదు కానీ ఊపిరికి కొదవ లేదు. నీళ్ళడుగున ఎంతసేపైనా ఉండే ప్రాణి కదా. అది వస్తుంటే కొండబడి ఏడుగురూ ఎగిరి పక్కకు దూకారు. అందరూ ఎగరడంలో దిట్టలే కాబట్టి గాల్లో ఒకరినొకరు గుద్దుకుని కింద పడ్డారు. తాబేలు తీరిగ్గా తోడేలు కాలు ముట్టుకుని వెనక్కి తిరిగింది.

"పట్టుకో దాన్ని!" అంది తోడేలు.

"నువ్వే పట్టుకో! నేను కూతగాణ్ణి" అంది చిరుత.

"నేను మాత్రం ఎవర్ని? నా గోళ్ళకు మట్టి అంటుతుంది."

"నీ కాలేగా ముట్టుకుంది? అది నీ పనే!"

వాళ్ళ వాదన తేలకముందే తాబేలు గీత దాటింది. మధ్యలో ఒకసారి ఆగి వాళ్ళ మాటలు విందని కూడా అంటారు. ఆ మాట నేను నమ్మను, కానీ ఆగినా ఏమీ అయ్యేది కాదు.

ఆ తర్వాత ఆట మారిపోయింది. కొండబడి నుంచి కణుజు కూతకు వచ్చాడు. గొలుసు చుట్టుకుంది. కణుజు బయటికి. ఇంకొకడు వచ్చాడు. గొలుసు చుట్టుకుంది. వాడూ బయటికి. ఒక్కోసారి గొలుసులో నుంచి కూడా ఒకరు పోయేవారు. వెంటనే పక్కవాళ్ళ చేతులు కలిసేవి. గట్టు మీద నవ్వులు తగ్గాయి. పాయింట్లు సమానమయ్యాయి.

ఆఖరి కూత. కొండబడి తరఫున చిటుకు వస్తాడు. వాడిని పట్టుకుంటే వాగొడ్డు బడి ఉంటుంది. వాడు ముట్టుకుని వెళ్ళిపోతే బడి లేదు.

వాగొడ్డు బరిలో ముగ్గురే మిగిలారు. తోకరాజు, చుట్టయ్య, సూదమ్మ. చుట్టయ్య అసలు కళ్ళే తెరవడం లేదు.

"భయమేస్తోంది సూదమ్మా" అన్నాడు.

"నాకూ వేస్తోంది. చేయి మాత్రం వదలకు" అంది సూదమ్మ.

చిటుకు తెలివైనవాడు. ఆ బడిలోనే పెరిగినవాడు. రోజూ ఆ వరసలో నడిచి నీళ్ళు తాగినవాడు. సూదమ్మ పక్కన ఎప్పుడూ ఖాళీ ఉంటుందని వాడికి బాగా తెలుసు. ఆమె చేయి పట్టుకునేవాడు అడవిలో పుట్టలేదని వాడి ధీమా, అందుకే ఆటలో ఒక్కసారైనా అటు సరిగ్గా చూడలేదు. "చెడుగుడు చెడుగుడు" అంటూ వచ్చి తోకరాజును ముట్టుకున్నాడు. గొలుసు తన చుట్టూ కమ్ముకుంటుంటే గిరుక్కున తిరిగి, సూదమ్మ పక్కనున్న ఖాళీలో నుంచి జారిపోదామని దూకాడు.

అక్కడ ఖాళీ లేదు. చుట్టయ్య చేయి ఉంది.

చిటుకు వచ్చి నేరుగా ఆ చేతుల మీద పడ్డాడు. చుట్టయ్య ఉలిక్కిపడ్డాడు. ఉలిక్కిపడితే ఏం చేస్తాడో మీకు తెలుసు. గిర్రున చుట్టుకుపోయాడు. ఇటు పక్క సూదమ్మను, అటు పక్క తోకరాజును, మధ్యలో చిటుకును కలిపి ఒకటే ముద్దగా చుట్టేశాడు. ఆ ముద్దలో చిటుకు వీపు వెళ్ళి ఎవరి ముళ్ళకు ఆనిందో వేరే చెప్పాలా?

"చెడుగుడు చెడుగు... అమ్మోయ్!" అన్నాడు చిటుకు.

కూత విరిగింది. కొంగ రెక్క పైకెత్తింది. జీవితంలో మొదటిసారి రెండో కాలు కూడా కింద పెట్టింది.

ఉడుము మాస్టారు మైదానంలోకి పరుగెత్తాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఆయనకే తెలియదు. "సూదమ్మా, బడి నిలిచిందే!" అన్నాడు. దగ్గరికి తీసుకున్నాడు. గుచ్చుకుంది. అయినా వదల్లేదు. ఉడుము పట్టుకున్నాక వదులుతుందా?

మర్నాడు పొద్దున్నే కంచె దగ్గర మళ్ళీ గుమగుమలు వచ్చాయి. తర్వాత పునుగుపిల్లి వచ్చింది. ఈసారి రెండు చంకల్లోనూ పనసపండ్లు.

"అమ్మా సూదమ్మా! ఎంత బాగా ఆడావు! మా ప్రిన్సిపాలుగారు నిన్నే తలుచుకుంటున్నారు. రా తల్లీ, కొండకు పోదాం."

"మీ చాపలు కొత్తవి కదండీ?" అంది సూదమ్మ.

"పాతబడ్డాయిలే."

"అయితే వస్తాను. మరి నా చేయి పట్టుకోవడానికి చుట్టయ్య కావాలి."

"చుట్టయ్యను కూడా తీసుకెళ్తాను."

"వాడు చుట్టుకుపోతే బతిమాలడానికి తోకరాజు కావాలి. తోకరాజు పక్కన తాబేలు ఉండాలి. తాబేలు పక్కన కుందేలు, ఉడుత, అడవికోడి. మాకు అరుపులు అరవడానికి మాస్టారు. దిగి నీళ్ళు తాగడానికి వాగు. అన్నీ మోయగలరా?"

పునుగుపిల్లి ఒకసారి వాగు వైపు, ఒకసారి కొండ వైపు చూసింది. పనసపండ్లు అక్కడే దింపేసి, నడుం పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ పండ్లు ఏమయ్యాయంటారా? ఏడుగురూ పంచుకుని తిన్నారు. గింజలు మాస్టారు కంచె పక్కనే నాటాడు.

కొండబడిలో కథ వేరేగా ఉంది. ఓడిపోయింది నీవల్లంటే నీవల్లని కూతగాళ్ళు పోట్లాడుకుని, ఎక్కడ మెచ్చుకుంటే అక్కడికి, ఒక్కొక్కరే మూట సర్దుకున్నారు. ఎవరి కాళ్ళు వాళ్ళవి కదా. చప్పట్ల కోసం వచ్చినవాళ్ళు చప్పట్లు ఆగగానే వెళ్ళిపోయారు. అది నెమళ్ళకు ఈకలు రాలే కాలం కూడా. నెమలి బోసితోకతో ఖాళీ మైదానంలో ఒక్కడే నాట్యం చేసి, తనకు తనే రెక్కలు తట్టుకున్నాడు. కొండ ఆ చప్పుడును మరోసారి వినిపించింది. అంతే, ఇంకెవరూ కొట్టలేదు.

ఒక సాయంత్రం వాగొడ్డు పిల్లలు నీళ్ళకు దిగుతున్నారు. కంచె సందు దగ్గర చిటుకు మూటతో నిలబడి ఉన్నాడు. లోపలికి రావాలంటే ముఖం చెల్లడం లేదు. వీపు మీద ఇంకా మచ్చలున్నాయి.

మాస్టారు వాడిని చూశాడు. "వెళ్ళేటప్పుడు మీరన్న ఆ మేడిపళ్ళ సంగతి..." అని చిటుకు నసిగాడు.

"అరిగిపోయి ఉంటాయిలే. నీళ్ళు తాగుదువు రా" అన్నాడు మాస్టారు.

చిటుకు వరస చివరికి వెళ్ళాడు. వరస చివర ఎప్పటిలాగే సూదమ్మ ఉంది. ఆమె ఒక చేయి చుట్టయ్య చేతిలో ఉంది. రెండో చేయి ఖాళీగా ఉంది. చిటుకు ఆ ముళ్ళ వైపు చూశాడు, కళ్ళు మూసుకుని ఆ చేయి పట్టుకున్నాడు. కొంచెం గుచ్చుకుంది. అనుకున్నంత కాదు.

నీతి: ఒక్కడి గొప్పతనం మీద నిలబడ్డ జట్టు వాడు వెళ్ళిన రోజే కూలిపోతుంది. వెళ్ళేవాళ్ళను ఆపడానికి కంచెలు కట్టేకంటే, ఉన్నవాళ్ళలో ఎవరి చేయి ఖాళీగా ఉందో చూసి పట్టుకోవడం మేలు.